ర్యాకు వెనక తలుపు

ఫెస్టు అయిపోయాక అందరం ఫొటోలు చూసుకుంటాం కదా. స్టేజీ ఉంటుంది, లైట్లు ఉంటాయి, పాడినవాళ్ళు, ఆడినవాళ్ళు, ముందు వరసలో ఈలలు వేసినవాళ్ళు అందరూ ఉంటారు. స్టేజీ పక్కన కర్టెన్ చాటున చక్రాల మీద నిలబడి ఉండే నల్ల పెట్టె మాత్రం ఒక్క ఫొటోలోనూ కనపడదు. దాన్నే ర్యాకు అంటారు. ఈ సంచికకి దాని గురించి రాస్తానంటే మన ఎడిటర్ "ల్యాబ్ రికార్డా, వ్యాసమా?" అని అడిగింది. రెండూ కొంచెం కొంచెం అన్నాను.

మా ఊరు జగ్గయ్యపేట. అమ్మమ్మగారి ఊరు నందిగామ. రెండూ ఒకప్పటి కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే మన ఫ్రెండ్స్‌కి కాలవలు, వరిచేలు గుర్తొస్తాయి. మావైపు పత్తి, మిర్చి, నల్లరేగడి, సున్నపురాయి, సిమెంటు లారీలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే హైవే మీద చిల్లకల్లు దగ్గర పక్కకి తిరిగితే మా ఊరొస్తుంది. తిరక్కుండా నేరుగా పోతే నందిగామ. అక్కడ మా మావయ్యకి సౌండ్ సిస్టమ్ షాపుంది. సెలవులిస్తే నా మకాం అక్కడే.

మా తాతయ్య రోజుల్లో అది మైకుసెట్టు. ఒక అహుజా యాంప్లిఫయరు, రెండు గొట్టాలు, ఒక రికార్డు ప్లేయరు, కరెంటు లేని చోటికి ఒక లారీ బ్యాటరీ. మొత్తం సామాను ఒక రిక్షాలో పట్టేది. గొట్టాన్ని వేపచెట్టుకి కట్టి వైరు లాగితే ఊరంతా పెళ్ళి అని తెలిసిపోయేది. ఏదైనా పాడైతే వెతకడానికి వైర్లే నాలుగు. ర్యాకు అవసరమే లేదు.

ఇప్పుడు ఓ మాదిరి పెద్ద ఫంక్షన్‌కి వెళ్ళాలంటే బేస్ బాక్సులు, టాప్‌లు, స్టేజీ మీద వాళ్ళకి వినపడటానికి మానిటర్లు, డిజిటల్ మిక్సరు, వైర్‌లెస్ మైకుల రిసీవర్లు, వెనక ఎల్‌ఈడీ తెర, దానికో ప్రాసెసర్. వీటిల్లో బాక్సులూ తెరా తప్ప మిగతావన్నీ దాదాపుగా ర్యాకుల్లోనే కూర్చుంటాయి. షాపులో ఇలాంటివి మూడున్నాయి.

ర్యాకు సంగతి కొంచెం చెప్పాలి. దాని కొలత ఎక్కడైనా ఒకటే: ముందు పట్టీ వెడల్పు 19 అంగుళాలు. ఎత్తుని యూ అనే లెక్కలో కొలుస్తారు. ఒక యూ అంటే అంగుళం ముప్పావు, మిల్లీమీటర్లలో 44.45. పాత రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో సామాను బిగించుకోవడానికి పుట్టిన కొలత ఇది. మన కాలేజీ సర్వర్ రూములోనూ అదే, హైదరాబాద్ శిల్పకళావేదికలోనూ అదే, మునేటి ఒడ్డున తిరునాళ్ళ స్టేజీ వెనకా అదే. ఏ దేశంలో తయారైన యాంప్లిఫయరైనా నాలుగు మరలు బిగిస్తే మావయ్య పెట్టెలో సరిపోతుంది. ఇన్ని ప్లగ్గులు, ఇన్ని ఛార్జర్లు, ఇన్ని సైజులున్న ప్రపంచంలో ఇదొక్కటి అందరూ ఒప్పుకున్న లెక్క అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొలత ఒకటే అయినా సర్దడం మాత్రం ఎవరిది వాళ్ళదే. కొన్ని నియమాలు అందరికీ తెలుసు. బరువు కిందకి పెట్టాలి. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ యాంప్ ఒక్కోటి పాతిక కిలోల దాకా తూగుతుంది, దాన్ని పైన బిగిస్తే వ్యాను మలుపు తిరిగినప్పుడు ర్యాకే తిరగబడుతుంది. వైర్‌లెస్ రిసీవర్లు పైన ఉండాలి, యాంటెన్నాలకి అడ్డం ఉండకూడదు. కరెంటు వైర్లు ఒక పక్క, మైకు వైర్లు ఇంకో పక్క. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి గానీ జంటగా పక్కపక్కన పోనివ్వకూడదు. ఆన్ చేసేటప్పుడు మిక్సరు ముందు, యాంప్‌లు చివర. ఆఫ్ చేసేటప్పుడు యాంప్‌లు ముందు. తిరగేసి చేస్తే బాక్సులోంచి 'ఢబ్' మని వస్తుంది, ఒక్కోసారి అదే ఆ బాక్సు ఆఖరి శబ్దం అవుతుంది.

కొన్ని నియమాలు మా ప్రాంతం నేర్పినవి. నందిగామలో మే నెలలో ఎండలు మండిపోతాయి. యాంప్‌ల మధ్య గాలాడే సందు లేకపోతే పెళ్ళి బోజనాల టైముకి ఒక్కోటీ వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. జగ్గయ్యపేట వైపు ప్రోగ్రాం ఉంటే సిమెంటు లారీల దుమ్ము ఫ్యాన్ జాలీలో పేరుకుంటుంది, మర్నాడు పెయింటు బ్రష్షుతో దులపాల్సిందే. వాన పడితే ఇంకో బాధ. నల్లరేగడిలో ర్యాకు చక్రాలు ఇరుసుల దాకా దిగబడతాయి. అందుకే మా వ్యానులో ఎప్పుడూ రెండు చెక్కపలకలుంటాయి.

ఈ నియమాలన్నీ షాపులో అందరికంటే బాగా తెలిసినాయన ఒకరున్నారు. తాతయ్య టైములో గొట్టాలు మోయడానికి చేరారు, ముప్పై ఏళ్ళు దాటింది. అందరూ పెద్దాయన అంటారు, నేను బాబాయ్ అంటాను. ఇంగ్లీషు చదవలేరు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. ర్యాకు వెనక తలుపు తీస్తే పిచ్చుక గూడులా ముప్పై, నలభై నల్ల వైర్లుంటాయి. అన్నీ ఒకే రంగు, ఒకే లావు. ఆయన చెయ్యి లోపలికి పోయి కావలసిన వైరు పట్టుకుని బయటికొచ్చేది. కళ్ళతో చూడటం కూడా అరుదు.

మా రెండు ఊళ్ళకీ పెద్ద పండగంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళే. మాఘమాసంలో పెద్ద తిరునాళ్ళు, ఆ తర్వాత చిన్న తిరునాళ్ళు. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలని రంగులు వేయించడానికి మా జగ్గయ్యపేటకే తీసుకొస్తారు. ఆ సీజన్లో చుట్టుపక్కల ఊళ్ళ జాతరలు కూడా కలిసి వస్తాయి, ఏ సౌండ్ షాపుకీ ఊపిరాడదు. జాతరలో మైకు అంటే పాటలు ఒక్కటే అనుకోకండి. "పసుపు గౌను వేసుకున్న మూడేళ్ళ పాప, తల్లిదండ్రులు ఎక్కడున్నా వెంటనే స్టేజీ దగ్గరికి రావాలి" అని రాత్రంతా వినపడే ఆ పిలుపు కూడా మైకే. ఆ జనంలో అంతకన్నా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

మూడేళ్ళ క్రితం అలాంటి ఒక చిన్న జాతరలో మా సౌండ్ పోయింది. ఊరి పేరు వద్దులెండి. పెద్దాయనకి ఆ వారమే కంట్లో శుక్లాలు తీశారు, ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో పడుకున్నారు. స్టేజీ మీద పద్యం మధ్యలో ఆగిపోయింది. మిక్సరులో లైట్లు వెలుగుతున్నాయి, యాంప్‌లు ఆన్‌లోనే ఉన్నాయి, బాక్సుల్లో మాత్రం చడీచప్పుడు లేదు. ఇద్దరు కుర్రాళ్ళు వెనక తలుపు తీసి సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఒక్కో వైరూ లాగి పెట్టడం మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే ఒకావిడ ఏడుస్తూ వచ్చింది, పిల్లాడు కనపడటం లేదని. అనౌన్స్ చెయ్యడానికి మైకు లేదు. మావయ్య, వాళ్ళాయన, ఇంకో నలుగురు గొంతు చించుకుని పిలుస్తూ జనంలోకి వెళ్ళారు.

నేను పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన పడుకునే అడిగారు: "పైన రెండో డబ్బా వెనక చెయ్యి పెట్టు. ఎడంపక్క మూడోది. టేపు చుట్టి కొంచెం గరుగ్గా తగలుద్ది. తగిలిందా? లోపలికి నొక్కు." నొక్కాను. సౌండ్ వచ్చేసింది. మొత్తం పాతిక నిమిషాలు. పిల్లాడు జీళ్ళ కొట్టు వెనక కూర్చుని హాయిగా జీళ్ళు తింటున్నాడు, ఏమీ కాలేదు. ఇంటికొచ్చే దారిలో వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. మావయ్య ఒక్కటే అన్నాడు: "అల్లుడూ, ఆయన ఫోన్ ఎత్తకపోతే ఏంది మన పరిస్థితి?"

ఆ వేసవిలోనే ఇంకోటి జరిగింది. ఒక ఫంక్షన్ హాల్లో ఆన్ చేయగానే బాక్సుల్లోంచి 'గుయ్‌య్' మని మోత. మన సబ్జెక్టే కాబట్టి చెప్తాను. మిక్సరు హాలు చివర ఉంది, దానికి ఒక ప్లగ్గు. ర్యాకు స్టేజీ పక్కనుంది, దానికి ఇంకో ప్లగ్గు. రెండు చోట్లా ఎర్తింగ్ వేర్వేరుగా ఉంటే, ఆ రెంటి మధ్య ఉన్న చిన్న వోల్టేజి తేడాకి మైకు కేబుల్ పైపొర గుండా కరెంటు పారుతుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 దగ్గరా, దాని రెట్టింపుల దగ్గరా వినపడుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ చాప్టర్లో కామన్ మోడ్ రిజెక్షన్ అని పరీక్ష కోసం బట్టీ పట్టాం చూడండి, మూడు పిన్నుల మైకు కేబుల్లో అదే పని జరుగుతుంది: రెండు తీగల్లో సిగ్నల్ ఎదురెదురుగా వెళ్తుంది, రెంటిమీదా ఒకేలా పడ్డ మోత అవతలి కొసన కొట్టేసుకుపోతుంది. కానీ దారిలో ఎక్కడో ఒక్క రెండు తీగల మామూలు కేబుల్ కలిసినా ఆ రక్షణ పోతుంది.

అక్కడున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన ఈజీ చిట్కా చెప్పాడు: "ర్యాకు ప్లగ్గులో లావు పిన్ను తీసేయండి, మోత పోద్ది." నిజమే, పోతుంది. చాలాచోట్ల అదే చేస్తారు. ఆ లావు పిన్నే ఎర్త్. అది లేకుండా ఏదో ఒక యాంప్ లోపల ఫేజు తీగ ఊడి రేకుకి తగిలిందనుకోండి, ర్యాకు మొత్తం, దానికి కలిసిన మైకు రేకు కూడా కరెంటు కిందే లెక్క. చెమట చేతులతో మైకు పట్టుకుని చెప్పుల్లేకుండా నిలబడే మనిషి ఎవరో తెలుసుగా: పంతులుగారో, పాడే పిల్లో. పెద్దాయన ఆ మాట వినగానే ప్లగ్గు మీద చెయ్యేసి "ఆ పిన్ను జోలికెవరూ రావద్దు" అన్నారు. తర్వాత లావు కేబుల్ ఒకటి లాగి మిక్సరుకి కూడా ర్యాకులోంచే కరెంటు ఇచ్చారు. రెంటికీ ఎర్త్ ఒక్కటే అయింది, మోత తగ్గింది. ఆయనకి గ్రౌండ్ లూప్ అనే మాట తెలియదు. "నీళ్ళు రెండు చోట్ల నుంచొస్తే కొట్టుకుంటాయి, ఒక్క చోట నుంచి రానీ" అన్నారు, అంతే.

ఆ రాత్రే మావయ్య నిర్ణయం తీసుకున్నాడు. ర్యాకులు మూడూ విప్పి మళ్ళీ సర్దాలి, ప్రతి వైరుకీ గుర్తు ఉండాలి, పెద్దాయన ఉన్నా లేకపోయినా ప్రోగ్రాం ఆగకూడదు. నేను ఇంటర్నెట్లో చూసి పట్టీ రాసుకున్నాను: ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా లేబులు, తలుపు లోపలివైపు ఒక డ్రాయింగు, ఖాళీ యూల దగ్గర జాలీ రేకులు.

పని మొదలుపెట్టిన రోజు పెద్దాయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "బాబూ, ఇదంతా రాసి పెడితే ఇంక నేనెందుకు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నేను మావయ్య వంక చూశాను, మావయ్య స్క్రూడ్రైవర్ వంక చూశాడు. షాపులో జీతాలుండవు, ప్రోగ్రాముకింత అని కూలి. ఆయన్ని పిలవక తప్పని పరిస్థితే ఇన్నాళ్ళూ ఆయనకి ఉద్యోగ భద్రత. ఆ భద్రత ముప్పై నలభై నల్ల వైర్ల మధ్యలో ఉంది. దాన్ని మేము లేబుళ్ళు అంటించి బయట పెడుతున్నాం.

ఆ పూట పని ఆగిపోయింది. మావయ్య ఆయన్ని టీకి తీసుకెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. సాయంత్రం వచ్చాక పెద్దాయన నా లేబుళ్ళ షీటు చేతిలోకి తీసుకుని, "ఇయ్యి పనికిరావు" అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. ఇంగ్లీషు అక్షరాలు కుర్రాళ్ళలో సగంమందికి చీకట్లో చదవడం రాదు. పోనీ రంగు టేపు చుడదామా అంటే, "స్టేజీ మీద నీలం లైటు పడితే నీ ఎర్ర టేపు నల్లగా కనపడుద్ది" అన్నారు. అది మన ఫిజిక్సే, కానీ నాకంటే ముందు ఆయనకి తట్టింది. మరి ఏం చేద్దాం అంటే, చాకలి గుర్తు సంగతి చెప్పారు. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో బట్టలన్నీ ఒకే రేవులో ఉతికేవాళ్ళు. నల్లజీడి రసంతో అంచు మూల ఒక చుక్క, రెండు చుక్కలు, ఒక గీత. చదువు అక్కర్లేదు, ఎవరింటి చొక్కా వాళ్ళింటికే పోయేది. "అట్టాంటిది పెట్టు. చేత్తో తడిమితే తెలియాలి."

అలాగే చేశాం. ఇన్సులేషన్ టేపుని గట్టిగా మడతలేసి ఉంగరాల్లా చుట్టాం. మైకుల వైపు నుంచి వచ్చేవాటికి ఒక ఉంగరం, మిక్సరు నుంచి యాంప్‌లకి పోయేవాటికి రెండు, యాంప్ నుంచి బాక్సులకి పోయేవాటికి మూడు. కరెంటు వైర్లకి ఉంగరాలు లేవు, వాటికి గరుకు గుడ్డ టేపు, తగలగానే చెయ్యి వెనక్కి రావాలని. ఒక్కో గుంపులో ఎన్నోదో తెలియడానికి పక్కన తెలుగు అంకెల స్టిక్కరు కాదు, మామూలు అంకె, పెద్దగా. కళ్ళుంటే అంకె, చీకటైతే ఉంగరం. ప్రతి వైరూ ఒక జానెడు ఎక్కువ వదిలి చుట్టి కట్టాం, డబ్బా బయటికి లాగినా ఊడకుండా. మూడు ర్యాకులకీ కలిపి ఎనిమిది రోజులు పట్టింది. డ్రాయింగు నేను గీశాను. అందులో ఏది ఎక్కడికి పోతుందో చెప్పింది మాత్రం ఆయనే, ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడకుండా.

ఫలితం వచ్చింది. తర్వాతి సీజన్లో రెండుసార్లు సౌండ్ పోయింది. రెండుసార్లూ కొత్త కుర్రాడే మూడు నిమిషాల్లోపు దొరకబుచ్చుకున్నాడు. జాతరల్లో పిలుపు ఆగలేదు. మోత వస్తే ఎర్త్ పిన్ను వైపు చూసేవాడు లేడు, మిక్సరుకి కరెంటు ఎప్పుడూ ర్యాకులోంచే పోతోంది.

రెండోవైపు కూడా చెప్పాలి. పెద్దాయన్ని పిలవని ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి. చిన్న బర్త్‌డేలకి, ఓణీల ఫంక్షన్లకి కుర్రాళ్ళే వెళ్ళొస్తున్నారు. ముందు అలా ఉండేది కాదు. మావయ్య ఒక ఏర్పాటు చేశాడు: ఏ ర్యాకైనా వ్యాను ఎక్కేముందు పెద్దాయన తనిఖీ చెయ్యాలి, ఆయన సరేనంటేనే బండి కదలాలి, దానికి వేరే కూలి. ఆయన ప్రోగ్రాముకి వచ్చినా రాకపోయినా ఆ డబ్బులు ఆయనవే. రాత్రంతా మేలుకునే కూలి కంటే అది తక్కువే. కంటి ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్ళు ఆయనకీ కష్టంగానే ఉందని పిన్ని అంటుంది. ఆయన మాత్రం అనరు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు "ఎట్లుంది బాబాయ్?" అంటే, "పొద్దుటిపూట నిద్ర పట్టట్లేదు. అలవాటు లేదుగా" అన్నారు. అది సంతోషమో దిగులో నాకు అర్థం కాలేదు.

మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం. ఒక మనిషి చేతిలో ఉన్న పనిని కాగితం మీదకో, కోడ్‌లోకో తెచ్చి అందరికీ అందేలా చెయ్యడమే రేపు మనలో చాలామంది ఉద్యోగం. ర్యాకు సర్దుతుంటే అది మంచి పనే అని నాకు గట్టిగా అనిపించింది. ఒకాయన ఫోన్ ఎత్తడం మీద ఒక పిల్లాడు దొరకడం ఆధారపడకూడదు. కానీ ఆ పని తెచ్చింది ఎవరి చేతిలోంచి, తెచ్చాక ఆ చేతికి ఏం మిగిలింది అనేది డ్రాయింగులో ఎక్కడా రాయం. మావయ్య లెక్కల పుస్తకంలో దానికొక పద్దు పెట్టాడు. అది సరిపోతుందని నేననను. అసలంటూ ఒక పద్దు ఉండాలని మాత్రం అంటాను.

మన ఆడిటోరియం ర్యాకు వెనక తలుపు కూడా పోయిన నెల పర్మిషన్ తీసుకుని తీసి చూశాను. లేబుళ్ళున్నాయి, సగం ఊడిపోయాయి. ఏ వైరు ఎక్కడికి పోతుందో మొత్తం తెలిసింది ఆడిటోరియం చూసుకునే అన్న ఒక్కడికే. ఫెస్టుకి ఇంకా ఆరు వారాలుంది. డ్రాయింగు గీయడానికి నేనున్నాను, టేపు కొనడానికి క్లబ్బు ఒప్పుకుంది. ఇంకో నలుగురు కావాలి. అన్న దగ్గర కూర్చుని చెప్పించుకుని రాసుకోవాలి, ఆయన పేరు డ్రాయింగు కింద మొదటి లైన్లో ఉంటుంది, ఆ పనికి ఆయనకి ఓవర్‌టైమ్ ఇవ్వాలని ఆఫీసుకి లెటర్ కూడా రాస్తున్నాం. సంతకం పెట్టేవాళ్ళు శనివారం సాయంత్రం స్టేజీ వెనక్కి రండి.